తీగకు గుచ్చిన జాబులు

బెంగళూరులో బస్సెక్కి కోలారు, ముళబాగిలు, నంగిలి దాటి పలమనేరులో దిగగానే గాలి కొంచెం చల్లబడినట్టుంటుంది. చిత్తూరు వైపు నుంచి మొగిలి ఘాటు ఎక్కి వచ్చేవాళ్లకు ఆ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. టమోటా లారీలు, పట్టుగూళ్ల సంచులు మోస్తున్న రైతులు, అమ్మకానికి పెట్టిన మట్టి బొమ్మలు... వచ్చినప్పుడల్లా ఇవన్నీ చూస్తూ కాసేపు నిలబడతాను. ఈసారి నిలబడలేదు. తాత పోయాక అవ్వ ఒంటరిదైంది. ఆమెను మాతో తీసుకుపోవాలి, ఇల్లు ఖాళీ చేయాలి. నా వంతుకు అటక వచ్చింది.

అటక మీద నా స్టాంపుల ఆల్బం దొరికింది. తొమ్మిదో ఏటో, పదో ఏటో వేసవి సెలవుల్లో మొదలుపెట్టింది. మొదట దేశాలవారీగా పెట్టాను. ఇండియా పేజీలు తప్ప మిగతావన్నీ ఖాళీగానే ఉండటంతో ధరలవారీగా మార్చాను. అదీ నచ్చక చివరికి బొమ్మలవారీగా సర్దాను: పూలు, రైళ్లు, జంతువులు.

సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, ఇప్పుడు చూడగానే ల్యాప్‌టాప్‌లో ఒక టేబుల్ గీశాను. దేశం, సంవత్సరం, ధర అనే కాలమ్స్ సులభంగానే నిండాయి. 'రకం' దగ్గర ఆగిపోయాను. రోజువారీ వాడకానికి మళ్లీ మళ్లీ అచ్చేసేవి డెఫినిటివ్‌లు. ఒక మనిషి కోసమో, సందర్భం కోసమో వేసేవి స్మారక బిళ్ళలు. మా పక్కనున్న మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి మీద 1987లో వచ్చింది ఈ రెండో రకం. ప్రభుత్వ ఆఫీసుల ఉత్తరాలకు 'సర్వీస్' అని అచ్చైనవి మళ్లీ వేరు. చార్మినార్ బొమ్మతో నిజాం సంస్థానం వేసుకున్న బిళ్ళలను ఇండియా కింద రాసుకోవాలా, విడిగానా? క్యాటలాగులు విడిగానే చూపిస్తాయి. ఇంకా ముదిరినవాళ్లు రెండు సెంటీమీటర్ల అంచులో ఎన్ని చిల్లులున్నాయో లెక్కబెడతారు. బొమ్మ ఒకటే, ధర ఒకటే అయినా చిల్లుల లెక్క మారితే అవి రెండు వేర్వేరు బిళ్ళలు! మా టెస్టింగ్ టీం కూడా ఇంత పట్టింపుగా ఉండదు.

జంతువుల పేజీలో ఏడు పులులున్నాయి. అన్నీ పదిహేను పైసల పోస్టుకార్డు మీది పులులే. ఆ బొమ్మ కార్డుతోపాటే అచ్చై వస్తుంది. అలాంటివాటిని కత్తిరించకూడదు, కార్డు మొత్తాన్ని దాచాలి. ఆ సంగతి నాకు తెలిసింది మొన్న మొన్ననే.

కార్డులు ఎక్కడివో గుర్తుంది. మూలన మేకుకు వేలాడే ఇనుప తీగకు తాత జాబులన్నీ గుచ్చి పెట్టేవాడు. తీగ ఇప్పటికీ అక్కడే ఉంది. దింపి చూస్తే ఏడు కార్డులకు మూలన చదరంగా కన్నం. అన్నీ చిన్నతాత కేజీఎఫ్ గనుల నుంచి రాసినవి. ఆయనా లేడు, 2001లో ఆ గనులూ మూతపడ్డాయి.

అవ్వ గడప మీద కూర్చుని చూస్తా ఉంది. ఆమెకు చదువు రాదు. జాబు వస్తే తాత తనలో తాను చదువుకుని, "బాగుండారంట" అని చెప్పి తీగకు గుచ్చేవాడట.

"అన్నీ వాళ్లన్నకే రాసినాడు. వదినె ఒకత్తి ఉండాదని ఒక్కసారన్నా రాసినాడా?" అంది అవ్వ, నవ్వుతూనే.

నేనేమీ అనలేదు. ఆ పులుల్ని బంకతో అంటించలేదు, పుస్తకంలో చెప్పినట్టు పైఅంచుకు హింజ్ పెట్టాను. పేజీ తిప్పినట్టు ఎత్తితే వెనకవైపు కనిపిస్తుంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఎత్తి చూడలేదు.

నాలుగో పులి వెనక నీలిసిరాతో ఒక పంక్తిలో "వదినెకు", దాని కింద "నువ్వంపిన" అని ఉంది. అంచులు ఆనించి చూస్తూ పోతే ఐదో కార్డుకు సరిపోయింది. "వదినెకు నమస్కారం. నువ్వంపిన ఊరగాయ అందింది. రూములో అందరం తిన్నాము."

గట్టిగా చదివాను. అవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఏ యేడు నాయినా అది?"

తపాలా ముద్ర సగం పులి మీద, సగం కార్డు మీద పడింది. బొమ్మలు చూసి సర్దేవాడికి ముద్ర పడితే బిళ్ళ పాడైనట్టే. ముద్రల్ని బట్టి ఊళ్లవారీగా సర్దేవాళ్లకు మాత్రం అసలు సరుకు అదే. రెండూ కలిపి కిటికీ దగ్గర పట్టుకున్నాను. ఊరిగాం, 1984.

"అప్పటికి మీ నాయన బడికి పోతా ఉన్న్యాడు" అంది అవ్వ. కాసేపాగి, "మిగతా పులులు గూడా తిప్పు" అంది.