కూడవెల్లి గుడి

కృష్ణ, తుంగభద్ర కలిసే చోట మా కూడవెల్లి. ఆ ఒడ్డునే సంగమేశ్వరుని గుడి. బాదామి చాళుక్యుల నాటిదని బడిలో చెప్పేవారు గానీ, మాకు అది ఎండవేళ చల్లగా ఉండే చోటు. ఎత్తైన అరుగు, చుట్టూ ప్రాకారం, దాని మీద బొమ్మలు. శిఖరం కొసన ఉసిరికాయలా గాట్లు తేలిన పెద్ద రాయి. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళ బండ్లన్నీ మా రేవులోనే విప్పేవారు. తెల్లారకముందే అవ్వ మమ్మల్ని లేపి, సంగమంలో మూడు మునకలు వేయించి, తడిబట్టలతోనే గుడి చుట్టూ తిప్పేది. ఆ బండల చల్లదనం ఇప్పటికీ నా పాదాలకు గుర్తే.

శ్రీశైలం దగ్గర ఆనకట్ట లేస్తోందని పెద్దవాళ్ళు ఏండ్ల తరబడి అనుకుంటూనే ఉన్నారు. జలాశయం 885 అడుగుల మట్టానికి నిండితే మా ఊరు ఉండదని అధికారులు వచ్చి చెప్పిపోయారు. ఆ తర్వాత గుడి దగ్గరికి కొలతల టేపులు, కెమెరాలు, రంగు డబ్బాలు వచ్చాయి. ప్రతి రాతికీ ఒక అంకె వేశారు. కాగితం మీద గీసుకున్న గుడి బొమ్మలోనూ అదే అంకె. రాతి బరువు మీద రాయి నిలిచిన కట్టడం కాబట్టి, అన్నిటికన్నా చివర ఎక్కిన రాయే ముందు దిగాలి. శిఖరం నుంచి కిందికి వరస తర్వాత వరస తాళ్ళతో, కప్పీలతో దించి నేల మీద పరిచారు. అంచులు విరగకుండా గోనెపట్టాలు చుట్టేవారు. బడి ఎగ్గొట్టి మేం పొద్దంతా అక్కడే ఉండేవాళ్ళం.

అవ్వ గడపలో కూర్చుని చూసేది. "దేవుని ఇంటికి అంకెలేస్తున్నరు, మంచిదే నాయనా. మన ఇంటికి ఎవరేస్తరు?" అన్నది.

మా ఇంటికి పరిహారం లెక్క కట్టారు. దూలాలు, తలుపులు బండికెక్కాయి. మట్టిగోడలు, వాకిట్లో వేపచెట్టు అక్కడే ఉండిపోయాయి. 1981లో అలా ఖాళీ అయిన ఊళ్ళు నూరుకు పైనే.

గుడి రాళ్ళు ఆలంపురం చేరి, ఆ అంకెల వరసలోనే మళ్ళీ గుడిగా నిలిచాయి. పాపనాశి గుళ్ళనూ ముంపు తప్పించి ఆ ఊరి శివారుకే తెచ్చారు. ఆలంపురం నవబ్రహ్మ ఆలయాలను మాత్రం కదపకుండా, నీళ్ళు రాకుండా కట్ట కట్టి కాపాడారు. వీలున్న చోట అదే మేలైన పని అని నా నమ్మకం. కూడవెల్లికి ఆ వీలు లేకపోయింది.

పెద్దయ్యాక ఆలంపురంలో ఆ గుడి చూడబోయాను. ప్రాకారం మూలన, చిన్నప్పుడు నా చెయ్యి అందిన బొమ్మ కోసం వెతికాను. అదే మూలన ఉంది. ఆ పనివాళ్ళను తలుచుకుని చేతులెత్తి మొక్కాను. అయితే ఆలంపురం పక్కన పారేది తుంగభద్ర ఒక్కటే. కృష్ణ కలిసే చోటు ఎవరూ తేలేనిది.

అక్కడికి వచ్చేవాళ్ళకు చాళుక్యుల సంగతి చెబుతారు. ఈ గుడి నీడన కాపురమున్న మనుషుల సంగతీ చెప్పాలి. కూడవెల్లి పేరు, ఊళ్ళు ఖాళీ చేసిన ఏడు, ముంపులో పోయిన ప్రతి ఊరి పేరు ప్రాకారం పక్కనే రాతి మీద చెక్కించాలి.