నాయన మాట, ఫ్రెంచి చట్టం

మొన్న సెలవుల్లో మా అక్క బెంగళూరు నుంచి ఊరికి వచ్చింది. అక్క అంటే మా పెదనాయన కూతురు. లా చదువుతోంది. ఆమె సంచిలో బట్టలకంటే జెరాక్సు కాగితాలే ఎక్కువ. ఈసారి వాళ్ళకి ఫ్రెంచి కాంట్రాక్టు చట్టం మీద ఒక పేపరు ఉందట. "నువ్వు ప్రశ్నలు అడుగు, నేను జవాబులు చెప్తా" అని ఆ కట్ట నా చేతిలో పెట్టింది. బాగేపల్లి దగ్గర పల్లెలో, మా ఇంటి అరుగు మీద, నేను ఫ్రాన్సు చట్టం చదవడం మొదలైంది అలాగే.

మీకు నవ్వు వస్తుంది. మా అవ్వకీ వచ్చింది. "ఆ దొరల చట్టం మనకెందుకే?" అనింది. "మన తెలుగోళ్ళు ఆ చట్టం కింద బతికినారు అవ్వా, గోదావరి పక్కన యానాంలో" అని అక్క చెప్పింది. యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలోనే ఉండింది. నెపోలియన్ కాలంలో 1804లో వచ్చిన సివిల్ కోడే అక్కడ కాగితాలకీ ఒప్పందాలకీ ఆధారం. తర్వాత మన కాంట్రాక్టు చట్టం అక్కడికీ వచ్చింది.

మా ఇంట్లో నాయనది తెలుగు, అమ్మది కన్నడం. అన్నింటికీ రెండేసి పేర్లు ఉంటాయి. కానీ ఒప్పందం అనే మాట దగ్గర ఇద్దరికీ తేడా లేదు. కన్నడంలో ఒప్పంద. కరారు కూడా రెండింట్లో కరారే. ఆ మాట దగ్గరే నాకు మూడేళ్ళుగా నాయన మీద కోపం ఉండింది.

2023లో నేను ఎస్సెస్సెల్సీ పాసైనాను. చిక్కబళ్ళాపురంలో ఒక కాలేజీలో సైన్సు చదవాలని ఆశ. ఫీజు, హాస్టలు రెండూ కట్టాలి. "టమోటా రానీ పాపా" అన్నాడు నాయన. ఆ ఏడాది మే నెలలోనే చింతామణి మండీ ఆయనకి, పదిహేను కిలోల బాక్సు 250 రూపాయల లెక్కన ఇస్తానని మాట ఇచ్చేసినాడు. జులైకి ఏమైందో మీ అందరికీ తెలుసు. కిలో వంద దాటింది. బాక్సు రెండు వేలు పలికిన రోజులు కూడా ఉన్నాయి. మా ఒక్క కోతకి ఎనభై బాక్సులు వచ్చినాయి. ఆ పొద్దు మార్కెట్టు ధరకి అమ్మింటే లక్షా అరవై వేలు. నాయన ఇంటికి తెచ్చింది ఇరవై వేలు.

నేను ఏడ్చినాను. అమ్మ కూడా "ఒక్క మాట అడిగి చూడండి" అనింది. నాయన వినలేదు. "ఇచ్చినాక వెనక్కి తీసుకునేదానికి అది మాటా, మూటా? రేపు ధర పడితే ఆయన మాత్రం మాట మార్చడా?" అన్నాడు. నేను ఊర్లోనే ఉండి, బాగేపల్లిలో ఆర్ట్సులో చేరినాను. దాని వల్లే ఈ డిపార్టుమెంటుకి వచ్చినాను, దానికిప్పుడు బాధ లేదు. కానీ ఆ ఎనభై బాక్సుల లెక్క మాత్రం మర్చిపోలేదు.

అందుకే అక్క కాగితాల్లో ఒక కాలువ కథ కనపడగానే నేను ఆగిపోయినాను. ఫ్రాన్సు దక్షిణాన క్రాపోన్ అనే సాగునీటి కాలువ ఉంది. నీళ్ళకి ఇంత అని 1567లో ఒప్పందం రాసుకున్నారు. మూడు వందల ఏళ్ళు గడిచినాయి. ఆ డబ్బుతో కాలువ బాగుచేయడానికి కూడా చాలదు. కింది కోర్టు జాలిపడి రేటు పెంచింది. 1876లో పై కోర్టు దాన్ని కొట్టేసింది. ఎంత కాలమైనా, ఎంత అన్యాయం అనిపించినా, ఇద్దరు రాసుకున్నదాన్ని జడ్జి మార్చకూడదు అనింది. అచ్చం మా నాయన మాటే!

మన దగ్గరా దాదాపు అంతే అని అక్క చెప్పింది. 1872 చట్టంలో 56వ సెక్షను ఉంది. పని చేయడమే అసాధ్యమైతే ఒప్పందం చెల్లదు. భారం పెరిగింది అంటే చాలదు. సైన్యానికి నెయ్యి సరఫరా చేసే ఒప్పందం ఒకటి 1937లో జరిగింది. యుద్ధం వచ్చి ఖర్చు పెరిగింది, ఎక్కువ ఇప్పించండి అని వాళ్ళు కోర్టుకి పోయినారు. 1960లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

కానీ ఫ్రాన్సు 2016లో దారి మార్చుకుంది. కోడ్‌లో 1195 అని ఒక ఆర్టికల్ పెట్టింది. ఎవరూ ఊహించని మార్పు వచ్చి, ఒకరికి మోయలేని భారమైతే, ఆయన రెండోవాళ్ళని "మళ్ళీ మాట్లాడుకుందాం రా" అని అడగొచ్చు. అడుగుతున్నంతసేపు ఒప్పుకున్న పని ఆపకూడదు. మాటలు కుదరకపోతే చివరికి జడ్జి దాకా పోవచ్చు.

"చూసినావా, నాయన ఫ్రాన్సులో ఉండింటే గెలిచేవాడు!" అని ఎగిరినాను. అక్క నవ్వింది. "ఓడిపోతాడు. టమోటా ధర ఎగరడం, పడడం ఊహించనిదా? చింతామణిలో చిన్న పిల్లోడికి కూడా తెలుసు. అదీగాక చిన్నాయనకి భారం ఏం పెరిగింది? లాభం పోయింది, అంతే."

నా గాలి తీసేసింది. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆమే అనింది: "చట్టం ఇయ్యకపోతే ఏం? ఇద్దరూ ఒప్పుకుంటే ఆ మాట కాగితంలో ముందే రాసుకోవచ్చు కదా."

ఆ రాత్రి నాకు ఒకటి అర్థమైంది. నాయన మాట తప్పకపోవడం తప్పు కాదు. అడగడం కూడా మాట తప్పడమే అనుకోవడమే తప్పు. అడగడం వేరు, తప్పడం వేరు. మాట నిలుపుకుంటూనే అడగొచ్చు.

ఈ పంటకి మండీ ఆయన మళ్ళీ వచ్చినాడు. నేను చెప్తుంటే అమ్మ కన్నడంలో రాసింది. ధర రెట్టింపు దాటినా, సగానికి పడినా, ఇద్దరూ కూర్చుని మళ్ళీ మాట్లాడుకోవాలి, అంతవరకు సరుకు ఆగకూడదు, డబ్బు ఆగకూడదు. ధర పడితే ఆయన కూడా అడగొచ్చు అని ఉంది కాబట్టే నాయన ఒప్పుకున్నాడు. లేకుంటే కాగితం ముట్టేవాడు కాదు.

మండీ ఆయన రెండుసార్లు చదివినాడు. "ఎవరు రాసిచ్చినారు?" అన్నాడు. "మా పాప" అన్నాడు నాయన. ఆయన 'రెట్టింపు' కొట్టేసి 'మూడింతలు' అని రాసి సంతకం పెట్టినాడు. నాయన నా వైపు చూసినాడు. నేను తల ఊపినాను. నాయనా పెట్టినాడు.

ధర ఏమవుతుందో ఎవరికీ తెలీదు. కాగితాన్ని మాత్రం నాయన నాలుగు మడతలు పెట్టి, రేషను కార్డు ఉన్న కవర్లోనే దాచుకున్నాడు.