మాకరాన్‌కు ముందు త్రాసు

ఇంట్లో మాకరాన్ (నడుమ క్రీము నింపే బాదం బిళ్లలు) చేయాలనుకునేవారు ముందు కొనాల్సింది ఖరీదైన మిక్సర్ కాదు, గ్రాముల్లో తూచే చిన్న త్రాసు. ఈ విషయంలో నాది ఒకటే మాట. గుడ్డును బట్టి తెల్లసొన బరువు మారుతుంది, కప్పును నమ్ముకుంటే బాదం పొడి హెచ్చుతగ్గులవుతుంది. ఆ తర్వాత అవెన్ లోపల పెట్టే థర్మామీటర్. బయట 150 డిగ్రీలని తిప్పినంత మాత్రాన లోపలా అంతే ఉంటుందన్న భరోసా లేదు.

అసలు పనితనం మాత్రం గరిటెది. నురగకట్టిన తెల్లసొనలో బాదం పొడి, పంచదార పొడి కలిపేటప్పుడు ఆ నురగను కొంత కావాలనే అణచాలి. పిండి గరిటె మీంచి తెగకుండా పట్టీలా జారాలి, పడ్డచోట మెల్లగా కలిసిపోవాలి. అక్కడ ఆగిపోవాలి. ఇంకా కలిపితే బిళ్లలు ట్రేలో పరుచుకుపోతాయి. ఎంత ఓపిక కావాలో!

విశాఖలాంటి తీరపు ఊళ్లలో తేమ మరో పరీక్ష. ట్రేలో వేసిన బిళ్లలపై వేలికి అంటని పొర కట్టాలి. అప్పుడే అవెన్‌లో ఆవిరి కిందినుంచి తన్నుకొచ్చి అంచున కుచ్చు లేస్తుంది. వానాకాలంలో ఆ పొర అరగంటకు కాదు, గంటకైనా రాకపోవచ్చు. అలాంటప్పుడు 118 డిగ్రీల పాకం తెల్లసొనలో పోసి గిలకొట్టే ఇటాలియన్ పద్ధతే నాకిష్టం. ఆ నురగ గట్టిగా నిలబడుతుంది. కాల్చిన బిళ్లల మధ్య క్రీము నింపాక ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచండి, లోపలి తేమ పీల్చుకుని పెంకు మెత్తబడుతుంది.