రెక్క మీద పట్టీలు

మా చిన్నమ్మాయి పురిటికని డాలస్ బయలుదేరాను. మా ఆయనకు మోకాళ్ళ ఆపరేషన్ కావడంతో ఒక్కదాన్నే వెళ్ళాల్సి వచ్చింది. శంషాబాద్‌లో ఎక్కి మధ్యలో విమానం మారేదాకా ఏ ఇబ్బందీ లేదు. రెండో విమానంలో నా సీటు రెక్క పక్కనే, కిటికీ దగ్గర. బెల్టు పెట్టుకుని బయటికి చూద్దును కదా, రెక్క మీద వెండిరంగు పట్టీలు అంటించి ఉన్నాయి. కారుతున్న పైపుకు ప్లంబరు టేపు చుట్టినట్టే ఉంది. వాటి పక్కన రంగు పెచ్చులు లేచింది.

ఎయిర్ హోస్టెస్‌ని పిలిచి చూపించాను. నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను. "నో ప్రాబ్లమ్ మేడమ్" అని నవ్వి ముందుకు వెళ్ళిపోయింది.

విమానం లేచింది. దానితోపాటు రెక్క కొస కూడా పైకి వంగింది. గాలి కుదుపులకు అది ఊగుతుంటే నా పేగులు కదిలిపోయాయి. రెక్క వెనక అంచున సన్నటి పుల్లల్లాంటివి బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి, ఏవో తీగలు తెగి వేలాడుతున్నాయనుకున్నాను. మళ్ళీ పిలిచాను. ఆ విమానం కిటికీకి తెర ఉండదు, మీట నొక్కితే అద్దమే నల్లబడుతుంది. ఆమె అద్దం నల్లగా చేసి, పడుకోమని సైగ చేసింది. చూడకుండా కూర్చోవడం ఇంకా నరకం. అన్నం ముట్టలేదు. బీపీ మాత్ర చేతిలోనే కరిగింది. లాకరు తాళం బియ్యం డబ్బా వెనక పెట్టిన సంగతి మా ఆయనకు చెప్పలేదే అని అదే మనసులో తిరుగుతోంది. బిడ్డ పురుడు చూడకుండానే పోతానేమోనని నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను.

ముందు వరసలోని కుర్రాడు బాత్రూమ్‌కని లేచి నన్ను చూశాడు. "ఏమైందమ్మా, ఒంట్లో బాలేదా?" అని తెలుగులో అడిగాడు. ఆ మాటకే సగం ప్రాణం లేచొచ్చింది. శంషాబాద్‌లో విమానాలు బాగుచేసే హ్యాంగర్‌లో పనిచేశాడట. అద్దం తెల్లగా చేసి, నా పక్కన వంగి ఒక్కొక్కటే చూపించాడు.

ఇది బోయింగ్ 787, రెక్కలు కార్బన్ ఫైబర్‌వి. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పైరంగు ఊడుతుంటుంది. మళ్ళీ రంగు వేసేదాకా కింది పొర మీద ఎండ పడకుండా ఆ పట్టీ వేస్తారు. దాన్ని స్పీడ్ టేప్ అంటారు, అల్యూమినియం రేకుకు గట్టి జిగురు పూసింది. అది రెక్కను పట్టి ఉంచడానికి కాదు, రంగు పోయినచోట కప్పడానికి. ఇష్టమొచ్చినట్టు అంటించరు, రూల్స్ ఒప్పుకున్న చోటే వేసి, ఇంజినీరు సంతకంతో రికార్డులో రాస్తారు. ఆ పుల్లలు గాల్లో విమానానికి పట్టే స్థిర విద్యుత్తును బయటికి వదిలేవి. రెక్క వంగాలనే అలా కడతారు. 2010లో పరీక్షకని ఈ రకం విమానం రెక్కలను దాదాపు 25 అడుగులు పైకి వంచారట, అయినా విరగలేదు.

"దిగేటప్పుడు రెక్క వెనక భాగం విడివడి కిందికి జారుతుందమ్మా. చక్రాలు నేలను తాకగానే పైన పలకలు లేస్తాయి. భయపడొద్దు" అన్నాడు. అతను చెప్పినట్టే జరిగింది.

నేను అడగడం తప్పు కాదు. రెక్క మీద ఏదైనా తేడాగా కనిపిస్తే ప్రయాణికులు చెప్పాలి, సిబ్బంది వినాలి. వినడమంటే అద్దం నల్లగా చేసి వెళ్ళడం కాదు. సీటు ముందు జేబులో భద్రతా కార్డు పెడతారు కదా, బొమ్మలతో ఈ రెక్క సంగతులు కూడా ఒక పేజీలో వేస్తే చదువురాని వాళ్ళకైనా అర్థమవుతుంది. అమెరికాలో ఉన్న పిల్లలకు ఒక్క మాట: అమ్మానాన్నలకు టికెట్ పంపేటప్పుడు వీల్‌చైర్ సంగతి, ఫారాల సంగతి ఎలాగూ చెబుతారు. దయచేసి రెక్క గురించి కూడా చెప్పండి.