చక్రాల చెక్కకో చోటు

మా వాడి చెయ్యి విరిగిన సంగతి మీలో చాలామందికి తెలిసిందే. ఉగాది భోజనాలకు పిండికట్టుతోనే వచ్చి, దాని మీద మీ పిల్లలందరి చేతా సంతకాలు పెట్టించుకున్నాడు. ఎలా పడ్డాడని అడిగినవాళ్ళకు “ఆడుకుంటూ పడ్డాడండీ” అని చెప్పి తప్పించుకున్నాం. స్కేట్‌బోర్డు మీంచి పడ్డాడని చెప్పడానికి నామోషీ వేసింది. తెనాలి నుంచి వాళ్ళ అమ్మమ్మ ఫోనులో అననే అంది: “మీరిద్దరూ డాక్టర్లయి ఉండి, పిల్లాణ్ణి చక్రాల చెక్క మీద రోడ్డెక్కనిచ్చారుటే?” ఆ ప్రశ్నకు ఆవేళ మా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కొంత ఉంది. అది మీతో చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలూ.

మా వీధి పిల్లలు అయిదారుగురు సాయంత్రం పూట బోర్డులు పట్టుకుని బయల్దేరతారు. ఓ ఆఫీసు మెట్ల దగ్గర ఆడితే వెళ్ళిపొమ్మన్నారు. ఇంకోచోట “ఇక్కడ స్కేటింగు చేయరాదు” అని పలక తగిలించారు. చివరికి ఓ దుకాణం వెనక కార్లు నిలిపే స్థలం చూసుకున్నారు. మన అయోవా చలికి ఆ తారు నెర్రెలు విచ్చి ఉంది. ముందు చక్రం నెర్రెలో పడింది. బోర్డు ఆగింది, వాడు ఆగలేదు. పడుతూ చెయ్యి నేలకు ఆనించాడు. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. వాడు పడ్డచోటికి నాలుగు గజాల దూరంలో, వెనక్కి వస్తున్న కారొకటి ఆగిందట. ఈ సంగతి వాడు మాకు చెప్పలేదు. వారం తరవాత పక్కింటి కుర్రాడు చెప్పాడు. ఎముక అతుక్కుంటుంది. ఆ నాలుగు గజాల మాట తల్చుకుంటే మాత్రం ఇప్పటికీ మాకు నిద్ర పట్టదు.

తల్లిదండ్రులెవరైనా చేసేదే మేమూ చేశాం. బోర్డు తీసి గరాజులో పైఅరలో పడేశాం. టెన్నిస్ క్లాసులో చేరుస్తామన్నాం. వాడు బుద్ధిగా తలూపాడు. కట్టు విప్పిన పదో రోజున తెలిసింది, పక్కింటి కుర్రాడి పాత బోర్డు మీద మళ్ళీ అదే దుకాణం వెనక ఆడుతున్నాడని. గట్టిగా కేకలేస్తే ఒకటే మాట అడిగాడు: “మరెక్కడ ఆడుకోను?”

తెనాలిలో మా చిన్నప్పుడు ఈ ప్రశ్న ఎవరినీ అడగవలసిన అవసరం రాలేదు. రైసుమిల్లు పక్కన ఖాళీ జాగా, చెరువుగట్టు, కోత కోసిన పొలం, గుడి ముందు వీధి అన్నీ మావే. ఆ జాగా ఎవరిదో మాకు తెలియదు. దాని సొంతదారుకీ పట్టింపు లేదు. మోకాళ్ళు చెక్కుకుపోతే ఇంటికొచ్చి పసుపు రాయించుకుని మళ్ళీ పరిగెత్తేవాళ్ళం. ఇక్కడ ప్రతి గజానికీ ఓ యజమాని, ప్రతి యజమానికీ ఓ ఇన్సూరెన్సు కంపెనీ. మనకు ఊరికే దొరికిన చోటు, ఊరంతా పూనుకుని కడితే తప్ప మన పిల్లలకు దొరకదు. మేము చెప్పదల్చుకున్న అసలు సంగతి ఇంతే.

ఇక డాక్టర్లుగా ఓ మాట. స్కేట్‌పార్కు కడితే ఎముకలు విరగవని మేము చెప్పం. విరుగుతాయి. ఏ నేల మీద, దేని పక్కన పడుతున్నారన్నదే మా బెంగ. ఈ ఆటలో దెబ్బలు తగిలేవాళ్ళలో మూడోవంతు మంది బోర్డెక్కి వారం తిరగనివాళ్ళేననీ, పడి దెబ్బలు తగలడానికి సగానికి పైగా కారణం ఎగుడుదిగుడు నేలేననీ ఇక్కడి వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ వారు చెబుతూ వచ్చారు. ప్రాణం మీదికి తెచ్చేది చాలావరకు కారు. 2002లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వారు అయిదేళ్ళలోపు పిల్లలకు బోర్డు ఇవ్వవద్దన్నారు. పదేళ్ళలోపువాళ్ళ దగ్గర పెద్దవాళ్ళుండాలన్నారు. హెల్మెట్టూ, మణికట్టు తొడుగులూ తప్పనిసరి అన్నారు. అదే నోటితో, ఊళ్ళు స్కేట్‌పార్కులు కట్టడం మంచిదనీ అన్నారు. వైద్యులం మేము ఆ ముందు మాటలు బాగా గుర్తుపెట్టుకున్నాం. చివరి మాట మర్చిపోయాం.

మొన్న వేసవిలో ఓ శనివారం పులిహోర పొట్లాలు కట్టుకుని డెమోయిన్ వెళ్ళాం. అక్కడ నది ఒడ్డున, ఊరి నడిబొడ్డున, 2021 మే నెలలో తెరిచిన లారిడ్సన్ స్కేట్‌పార్కు ఉంది. విస్తీర్ణం 88,000 చదరపు అడుగులు, అంటే రెండెకరాలు. టికెట్టు లేదు. అద్దంలాంటి కాంక్రీటు. ఓవైపు నీళ్ళు లేని ఈతకొలనుల్లాంటి గుంటలు, ఓవైపు మెట్లూ, అరుగులూ, ఇనపకడ్డీలూ. అంటే ఊళ్ళో ఎక్కడ ఆడితే తరిమేస్తారో అవన్నీ అక్కడ వీళ్ళకోసమే కట్టారు. ఆ ఊరివాళ్ళు అడగడం మొదలుపెట్టిన పదిహేనేళ్ళకు పైగా పట్టిందట అది లేవడానికి.

మేము నీడన కూర్చుని చూస్తూ ఉన్నాం. విజిల్ ఊదేవాడు లేడు, పేర్లు పిలిచేవాడు లేడు. అయినా ఒకరి తరవాత ఒకరు వంతు తప్పకుండా దిగుతున్నారు. ఆడపిల్లలున్నారు, తల నెరిసినవాళ్ళున్నారు. మా వాడు గుంట అంచున ఇరవై నిమిషాలు నించున్నాడు. చేతులనిండా పచ్చబొట్లున్న ఓ కుర్రాడు వాడి దగ్గరికి వచ్చాడు. మాకు గుండె ఝల్లుమంది. అతను వంగి, మా వాడి హెల్మెట్టు పట్టీ బిగించి, మోకాళ్ళు ఎలా వంచాలో చూపించి వెళ్ళాడు. మూడోసారికి మా వాడు నిలబడి కిందికి జారాడు. చుట్టూ ఉన్నవాళ్ళు బోర్డులు నేలకేసి టకటకా కొట్టారు. వాళ్ళ చప్పట్లు అవేనట. మేము లేచి నించుని మామూలు చప్పట్లే కొట్టాం.

మన మిత్రుల ఇళ్ళల్లో ఈ మాట ఎత్తితే రెండు సందేహాలు వినిపించాయి. ఎవరైనా పడి ఊరిమీద దావా వేస్తే? ఈ భయం కొత్తది కాదు. 1970లలో కట్టిన పార్కులు చాలా ఇన్సూరెన్సు భారంతోనే మూతపడ్డాయి. 1997లో కాలిఫోర్నియా వారు, ఇది ప్రమాదమని తెలిసి ఆడే ఆట కనుక ఊరిమీద దావాలకు హద్దుండాలని చట్టం చేశాక అక్కడ పార్కులు మళ్ళీ లేచాయి. మన కౌన్సిలుకీ లాయర్లున్నారు, చూసుకుంటారు. రెండోది, చదువు పాడవుతుందని. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన మొమిజి నిషియాకు పదమూడేళ్ళు. మా వాడు అంతవాడవుతాడని కాదు. ఇరవైసార్లు పడి ఇరవై ఒకటోసారి లేవడం కూడా ఓ చదువే కదా అనిపించింది. మెడికల్ కాలేజీలో మేము చదివిందీ అంతకంటే ఎక్కువేం కాదు.

మన ఊళ్ళో ఇలాంటిది కట్టాలా వద్దా అని వచ్చేనెల రెండో మంగళవారం సాయంత్రం 7 గంటలకు సిటీ హాలులో అందరి మాటా వింటారు. ఈ ఊళ్ళో పన్నులు కడుతూ ఇన్నేళ్ళున్నాం. గుడికి చందాలు పోగుచేశాం, దీపావళికి హాలు అద్దెకు తీసుకున్నాం. ఊరి సభలో లేచి మాట్లాడడం మాత్రం ఒక్కనాడూ చేయలేదు. అది మన పని కాదనుకున్నాం. ఆరోజు మేమిద్దరం మాట్లాడతామని పేర్లిచ్చి వచ్చాం.

అమ్మమ్మకు ఫోనులో చెప్పాం. అంతా విని, “మన మిల్లు పక్క జాగాలాంటిదన్నమాట. దానికి మీటింగులెందుకే?” అంది. ఇక్కడ అంతేనమ్మా అన్నాం. “అయితే వెళ్ళి గట్టిగా అడగండి” అంది.

మీరూ రండి. మాట్లాడకపోయినా ఫరవాలేదు. మన కుర్చీలు నిండి ఉంటే చాలు. పిల్లల్ని కూడా తీసుకురండి. హెల్మెట్లు మాత్రం ఇంటి దగ్గరే ఉంచి రావచ్చు.