చెమటకీ గోదావరి మర్యాదలే

అదే మనిషి, అదే చొక్కా. ఎండాకాలం హైదరాబాదులో ఊరుకునే చంక, రాజమండ్రిలో దిగగానే గోల మొదలెడుతుంది. ఎందుకంటారు?

అసలు తాజా చెమటకి పెద్దగా వాసనే ఉండదండి. చంకలో ఊరేదాన్ని చర్మం మీది బ్యాక్టీరియా తిని వదిలేదే కంపు. వీళ్ళలో స్టెఫైలోకాకస్ హోమినిస్ అనే మహానుభావుడు వదిలేది గంధకం కలిసిన ఘాటు, కుళ్ళిన ఉల్లిపాయ వరస. హైదరాబాదు పొడిగాలికి చెమట ఇట్టే ఆరిపోతుంది. మన డెల్టాలో గాలే తడి, ఇక చెమట ఆరేదెక్కడ? ఆ జీవులకి పెళ్ళివారి మర్యాదలు: "ఆయ్, ఇంకాస్త వేసుకోండి!"

పాలిస్టర్ చొక్కా అయితే మరీనూ. 2014లో బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయంవాళ్ళు వ్యాయామం చేసినవాళ్ళ టీషర్టుల్ని మనుషుల చేత వాసన చూపించి మరీ తేల్చారు, నూలు కంటే పాలిస్టరే ఎక్కువ కంపని. (ఆ ఉద్యోగానికి జీతమెంతో!)

మన వాసన మాత్రం మనకి తెలీదు, ముక్కు అలవాటు పడిపోతుంది. మొన్న అమలాపురం బస్సులో పక్కాయన్ని తిట్టుకుంటూ కూర్చున్నానా, రావులపాలెం వచ్చేసరికి ఆయనే జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.