దారి ఎవరు చూపించారు టీచర్?

‘పెరూ వెళ్దామా అమ్మా?’ అని మా అబ్బాయి అడిగితే ముందు నవ్వొచ్చింది. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పాను. బోర్డు మీద దక్షిణ అమెరికా పటం ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. ఆండీస్ పర్వతాలంటే నాకు చాక్‌పీసుతో గీసే ఒక్క గీత. ఆ గీత మీదికి అరవై మూడేళ్ల వయసులో, మోకాళ్ల నొప్పులతో ఎక్కుతానని ఎప్పుడనుకున్నాను!

వెళ్లింది జూన్‌లో. మనం తొలకరి కోసం ఎదురుచూసే ఆ రోజుల్లో అక్కడ చలికాలం. లిమా నుంచి విమానంలో కుస్కోలో దిగాం. ఒకప్పుడు ఇంకాల రాజధాని అది. సముద్రమట్టానికి 3,400 మీటర్ల ఎత్తు. మన తిరుమల కొండకి మూడు రెట్ల పైమాటే. సాయంత్రానికి తలనొప్పి మొదలైంది. నాలుగడుగులకే ఆయాసం. చెబితే ప్రయాణం మానిపిస్తాడని దాచాను. రాత్రి హోటల్ మెట్ల మీద కూలబడటంతో దొరికిపోయాను. ‘క్లాసులో పిల్లలు జ్వరం దాచిపెడితే నువ్వేమనేదానివి?’ అన్నాడు మావాడు. నా దగ్గర సమాధానం లేదు. డాక్టరొచ్చి ఆక్సిజన్ పెట్టి, రెండు రోజులు కదలొద్దన్నాడు. హోటల్ వాళ్లు కోకా ఆకుల టీ ఇస్తూ, ‘మాచుపిచ్చు ఇక్కడికంటే దాదాపు వెయ్యి మీటర్లు కిందే, అక్కడ తేలికపడతారు’ అని ధైర్యం చెప్పారు.

తేరుకున్నాక మార్కెట్‌కి వెళ్లాం. బంగాళాదుంపల్లో ఎన్ని రంగులో! దుంప పుట్టిల్లు ఆ కొండలే మరి. నల్లగా, గులకరాళ్లలా ఉన్నవి చూపించి ‘చూన్యో’ అన్నారు. దుంపల్ని రాత్రి మంచులో గడ్డకట్టించి, పగలు కాళ్లతో తొక్కి నీరు పిండి, ఎండబెడతారట. ఏళ్ల తరబడి నిల్వ ఉంటాయి. మనకి వడియాలకి ఎండ ఒక్కటే సాయం, వాళ్లకి మంచు కూడా!

అక్కడే కొరికాంచ అనే సూర్యదేవాలయం ఉంది. స్పెయిన్ వాళ్లు దాని గోడల మీదే చర్చి కట్టారు. 1950 భూకంపానికి పైనున్న చర్చి బాగా దెబ్బతింది. కింద ఇంకాల గోడలు మాత్రం చెక్కుచెదరలేదు.

మర్నాడు ఒల్లంతాయ్‌తాంబోలో రైలెక్కాం. పక్కనే ఉరుబంబా నది ఉరుకుతూ వస్తుంది. రైలు దిగాక, మెలికల దారిలో బస్సు. టిక్కెట్టు మీద వేసిన వేళకే లోపలికి వెళ్లాలి, అందులో రాసిన దారిలోనే నడవాలి. ఒక మలుపు తిరగ్గానే మబ్బు విడిపోయి ఊరు ఊరంతా కనిపించింది. పైకప్పుల్లేని ఇళ్లు, మెట్లు మెట్లుగా పొలాలు, మధ్యలో తీరిగ్గా మేస్తున్న లామాలు. మావాడు ఏదో అంటున్నాడు, నాకు వినబడలేదు.

పదిహేనో శతాబ్దంలో పచకూతి అనే చక్రవర్తి కట్టించుకున్న విడిది ఇది. ఇనుము లేదు, బండిచక్రం లేదు. మనకి తెలిసిన రాత లేదు, తాళ్లకి ముడులేసి లెక్కలు దాచుకునేవాళ్లు. అయినా ముఖ్యమైన గోడల్లో సున్నం లేకుండా రాయికి రాయి అతికించారు. ఆ సందులో గోరు కూడా దూరలేదు, నేనే ప్రయత్నించి చూశాను. అసలు గొప్పతనం నేల కిందుందట. పొలాల మెట్ల అడుగున రాళ్లు, ఆపైన కంకర, ఇసుక, మట్టి పొరలు పొరలుగా వేశారు. ఎంత వానొచ్చినా నీరు ఇంకిపోతుంది. కొండ జారదు.

టీచర్ బుద్ధి ఊరుకుంటుందా? ‘దీన్ని 1911లో హిరామ్ బింగమ్ కనుక్కున్నాడు’ అన్నాను మావాడితో. పేరు విని గైడ్ మా వైపు తిరిగింది. కెచువా భాష మాట్లాడే ఇంటి పిల్ల. నవ్వుతూనే ఇంగ్లిష్‌లో చెప్పింది: ‘ఆయనొచ్చేసరికి ఇక్కడ రెండు కుటుంబాలు ఈ మెట్ల పొలాల్లోనే సేద్యం చేసుకుంటున్నాయి. కింద లోయలో రైతు మెల్చోర్ ఆర్తియాగా ఆయన్ని కొండెక్కించాడు. పైన తిప్పి చూపించింది చిన్న పిల్లాడు. అంతకు తొమ్మిదేళ్ల ముందే, 1902లో, అగుస్తీన్ లిజారాగా అనే ఆయన ఈ గోడ మీద బొగ్గుతో పేరు రాసి వెళ్లాడు.’

నా కాళ్లలో సత్తువ పోయింది. ఈసారి ఎత్తు వల్ల కాదు.

చాలా ఏళ్ల కిందట, ఎనిమిదో తరగతి. క్విజ్ పోటీకి పిల్లల్ని తయారుచేస్తూ ఇదే ప్రశ్న, ఇదే జవాబు చెప్పించాను. వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, ‘ఆయనకి దారి ఎవరు చూపించారు టీచర్?’ అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ‘అది క్విజ్‌లో రాదులే, కూర్చో’ అన్నాను. ఆ క్లాసు మొత్తంలో సరైన ప్రశ్న అదొక్కటే. ఆ తర్వాత వాడు నా క్లాసులో మళ్లీ లేచి ఏదీ అడిగిన గుర్తు లేదు.

ఊరికొచ్చాక వాళ్లనీ వీళ్లనీ అడిగి నంబరు సంపాదించాను. ఇప్పుడు ట్రాక్టర్ల షెడ్డు నడుపుతున్నాడు. ‘ఒరేయ్, ఆరోజు నిన్ను అలా కూర్చోబెట్టాను, తప్పు నాదే’ అన్నాను. అటు నుంచి కాసేపు చప్పుడు లేదు. ‘నాకు గుర్తులేదు టీచర్’ అని నవ్వాడు. ఆ తర్వాత అడిగాడు: ‘ఇంతకీ ఎవరు చూపించారు?’

ఈసారి పేర్లతో సహా మొత్తం చెప్పాను.